స్పోర్ట్ బైక్ వదిలి క్రూజర్‌కి మారితే ఒళ్ళు నొప్పులు తగ్గుతాయా?

నల్ల హెల్మెట్:
నాది 600 సీసీ ఫోర్ సిలిండర్ స్పోర్ట్ బైక్. దాని మీద ఇష్టం ఏమీ తగ్గలేదు కానీ ఒళ్ళు సహకరించడం లేదు. గంట దాటితే అరచేతులు తిమ్మిరెక్కుతున్నాయి, మెడ పట్టేస్తోంది, బండి దిగాక నడుం నిటారుగా రావడానికి కాసేపు పడుతోంది. నాతో తిరిగేవాళ్ళు ఈ విషయంలో రెండు జట్లయ్యారు. ఒక జట్టు ‘క్రూజర్ (సీటు కిందికి ఉండి, తాపీగా దూరాలు తిరిగే బండి) తీసుకో, సోఫాలో కూర్చున్నట్టుంటుంది’ అంటోంది. రెండో జట్టు ‘తీసుకున్నావంటే నెల తిరక్కుండా అమ్మేస్తావు’ అంటోంది. రెండు రకాలూ నడిపినవాళ్ళు చెప్పండి. నొప్పి కోసం మారడం సరైన పనేనా?

ఆరో గేరు:
సూటిగా చెప్తాను. నొప్పి ఒక్కటే కారణమైతే మారొద్దు. క్రూజర్ నొప్పిని తీసేయదు, దాని చోటు మారుస్తుంది.

స్పోర్ట్ బైక్‌లో క్లిప్-ఆన్ హ్యాండిల్ (ఫోర్క్‌కి రెండు పక్కలా విడిగా బిగించేది) కిందికి ఉంటుంది, ఫుట్‌పెగ్‌లు (పాదాలు పెట్టే కడ్డీలు) వెనక్కీ పైకీ ఉంటాయి, ఒళ్ళు ముందుకు వాలుతుంది. ఈ భంగిమ వేగం కోసం పుట్టింది. బాగా వేగం అందుకున్నాక ఎదురుగాలి ఛాతీని పైకి నెడుతుంది కాబట్టి చేతుల మీద భారం తగ్గుతుంది. ట్రాఫిక్‌లో ఆ గాలి ఎక్కడిది? నడుం పైనున్న బరువంతా అరచేతుల మీదే. ట్రాక్ మీద హాయిగా అనిపించిన బండే సిగ్నళ్ళ మధ్య నరకం చూపించేది అందుకే.

ఇక క్రూజర్. ఫార్వర్డ్ కంట్రోల్స్, అంటే పెగ్‌లూ పెడళ్ళూ బాగా ముందుకు, ఉన్న బండి మీద కాళ్ళు ముందుకు చాపి కూర్చుంటాం. ఫొటోలో దర్జాగానే ఉంటుంది. కానీ కాళ్ళు ఒంటి కింద లేవు కాబట్టి అవి బరువు మొయ్యవు. అదంతా వెన్ను చివర ఎముక మీద పడుతుంది. స్పోర్ట్ బైక్ మీద గుంత కనిపించగానే పెగ్‌ల మీద కాస్త లేచి, దెబ్బని మోకాళ్ళతో తీసుకోవచ్చు. కాళ్ళు ముందుకు చాపినప్పుడు అలా లేవలేం. పైగా సీటు కిందికి దించడం కోసం వెనక సస్పెన్షన్ ఆడే దూరం తగ్గిస్తారు. చాలా క్రూజర్లలో అది 80 నుంచి 100 మిల్లీమీటర్లే. స్పోర్ట్ బైక్‌లలో 120 దాకా ఉంటుంది. కాబట్టి గుంత దెబ్బ నేరుగా నడుముకే. విండ్‌షీల్డ్ లేకపోతే ఇంకో కష్టం: గంటకు 100 కిలోమీటర్ల దగ్గర గాలి వెనక్కి తోసేస్తుంటుంది, హ్యాండిల్ పట్టుకుని వేలాడాలి. సాయంత్రానికి భుజాలు లాగేస్తాయి.

ముందు ఇప్పుడున్న బండి మీదే ఒక పని చేసి చూడండి. మోకాళ్ళతో ట్యాంకుని గట్టిగా పట్టుకోండి, పైఒంటిని పొట్ట కండరాలతో నిలబెట్టండి, మోచేతులు వదిలేయండి. మోచేతులు కోళ్ళ రెక్కల్లా ఆడించగలిగితే చేతుల మీద భారం లేనట్టే. హ్యాండిల్ ఎత్తు పెంచే రైజర్లు చాలా బళ్ళకి దొరుకుతాయి. అప్పటికీ కుదరకపోతే నేకెడ్ బైక్ (ఇంజిన్ చుట్టూ తొడుగు లేని బండి) ఉండనే ఉంది. అందులో నిటారుగా కూర్చుంటాం, కాళ్ళూ ఒంటి కిందే ఉంటాయి.

దూరపు దారి:
ఆరో గేరు గారూ, ఒంటి గురించి మీరు చెప్పింది కాదనను. కానీ మనిషి బండి మార్చేది ఒళ్ళు చెప్పిందనే కాదు కదా. నేను లీటర్ క్లాస్ (1000 సీసీ దరిదాపు) స్పోర్ట్ బైక్ నుంచి పెద్ద వీ-ట్విన్ క్రూజర్‌కి (V ఆకారంలో రెండు సిలిండర్లున్న బండికి) వచ్చాను, వెనక్కి వెళ్ళాలని లేదు.

యమహా ఆర్6నే తీసుకోండి. దాని గరిష్ఠ టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) 62 న్యూటన్ మీటర్ల లోపే, అదీ 10,500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర. ఫస్ట్ గేరులోనే 100 దాటిపోయే బండి అది. మామూలు రోడ్డు మీద దాని అసలు రుచి చూడాలంటే చట్టం మీరాలి, లేకపోతే ప్రాణం పణం పెట్టాలి. హార్లీ-డేవిడ్సన్ మిల్వాకీ-ఎయిట్ 107 ఇంజిన్ 1746 సీసీది. దాని టార్క్ 3,000 ఆర్‌పీఎం చుట్టుపక్కలే పూర్తిగా అందుతుంది. అంటే 60, 70 వేగంలో నెమ్మదిగా పోతున్నప్పుడే ఇంజిన్ తన బెస్ట్ ఇస్తోంది. రెండు సిలిండర్ల మధ్య కోణం 45 డిగ్రీలు, రెండు కనెక్టింగ్ రాడ్లూ ఒకే క్రాంక్‌పిన్ (ఇంజిన్ ఇరుసుని తిప్పే పిన్ను) మీద. అందుకే ఒక పేలుడు తర్వాత రెండోది ఆ ఇరుసు 315 డిగ్రీలు తిరిగాక వస్తే, మళ్ళీ మొదటిది 405 డిగ్రీలకి వస్తుంది. ఆ తడబాటు లయే చెవికి పడుతుంది. స్పోర్ట్ బైక్ మీద నా కళ్ళెప్పుడూ తర్వాతి మలుపు మీదే ఉండేవి, ఎవడైనా ఓవర్‌టేక్ చేస్తే ఊరుకునేవాణ్ణి కాదు. ఇప్పుడు వెళ్ళేవాణ్ణి వెళ్ళనిస్తున్నాను. ఈ మార్పు ఏ రైజరూ తేలేదు.

చైన్‌ల్యూబ్:
ఇంతసేపూ మలుపుల మాట ఎవరూ ఎత్తలేదు. అసలు తేడా అక్కడ ఉంది.

బండి ఎంత వాలాలన్నది వేగం, మలుపు వ్యాసార్ధం తేలుస్తాయి, బండి రకం కాదు. 50 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో 50 వేగానికి సుమారు 21 డిగ్రీలు వాలాలి. 60కి 30 దగ్గరికొస్తుంది. 70కి 37 దాటుతుంది. స్పోర్ట్ బైక్ 45 వాలినా కింద ఏదీ తగలదు. పెద్ద క్రూజర్లలో చాలావాటికి 30కి అటూ ఇటూగా ఫుట్‌బోర్డో, పెగ్గో రోడ్డుకి రాసుకుంటుంది. అంటే స్పోర్ట్ బైక్ రైడర్‌కి అలవాటైన 70, క్రూజర్ మీద అసలు కుదరదు. మడిచే పెగ్ రాసుకుంటే అది హెచ్చరిక. ఇంకా వాల్చితే ఫ్రేమో, సైలెన్సరో ఆనుతుంది, వెనక టైరు లేస్తుంది, బండి చేజారుతుంది.

దూరపు దారి:
అలాంటి మలుపులో, పబ్లిక్ రోడ్డు మీద 70తో పోవాల్సిన పనేంటన్నా? అవతల లారీ ఉందో, ఇసుక ఉందో ఎవరికి తెలుసు?

చైన్‌ల్యూబ్:
నేను మాట్లాడేది వేగం గురించి కాదు, మిగులు గురించి. మీరు పద్ధతిగా 60తోనే వెళ్ళారు. మలుపు సగంలో బిగుసుకుని వ్యాసార్ధం 40 మీటర్లయింది. ఇప్పుడు అదే 60కి 35 డిగ్రీలు కావాలి. స్పోర్ట్ బైక్ మీద ఇంకాస్త వాల్చేస్తారు, జరిగినట్టే తెలియదు. క్రూజర్ దగ్గర ఆ ఐదు డిగ్రీలు లేవు. అందుకని మలుపులోకి దిగకముందే వేగం తగ్గించడం దాని మీద తప్పనిసరి. ఏళ్ళ తరబడి ‘వాల్చితే సరి’ అనుకున్న ఒంటికి ఇది రాత్రికి రాత్రి ఎక్కదు. మారినవాళ్ళకి మొదటి కొన్ని వారాల్లో ఉన్న పెద్ద ప్రమాదం ఇదే, దీన్ని ఏ షోరూమ్‌లోనూ చెప్పరు.

గాలివాటం:
మొత్తం మీద క్రూజరే సురక్షితం కదా? అమెరికాలోని ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హైవే సేఫ్టీ 2007లో లెక్క తేల్చింది. రిజిస్టరైన ప్రతి 10,000 బళ్ళకి చూస్తే, సూపర్‌స్పోర్ట్ (రేసు బళ్ళ తరహా స్పోర్ట్ బైక్) నడిపేవాళ్ళ మరణాల రేటు మిగతా రకాల బళ్ళ వాళ్ళకంటే దాదాపు నాలుగు రెట్లు. దీని తర్వాత ఇంకా చర్చ దేనికి?

ఆరో గేరు:
ఆ లెక్క నిజమే. కానీ సూపర్‌స్పోర్ట్ కొనేవాళ్ళలో కుర్రాళ్ళే ఎక్కువ. ఆ తేడాలో బండి వాటా ఎంత, పైన కూర్చున్న వయసు వాటా ఎంత అన్నది విడదీయకుండా ‘క్రూజర్ కొంటే బతికిపోతావు’ అనలేం. దూకుడు మనిషి క్రూజర్ ఎక్కినా దూకుడుగానే నడుపుతాడు, చైన్‌ల్యూబ్ చెప్పిన ఆ ఐదు డిగ్రీలు కూడా లేకుండా.

బ్రేక్ సంగతీ చూడాలి. యమహా ఆర్1 వీల్‌బేస్ (రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం) 1405 మిల్లీమీటర్లు, బరువు 200 కిలోల దగ్గర. హార్లీ ఫ్యాట్ బాయ్ వీల్‌బేస్ 1665, బరువు 300 కిలోల పైన. స్పోర్ట్ బైక్‌లో గట్టిగా బ్రేక్ పట్టగానే బరువంతా ముందుకొచ్చేస్తుంది, వెనక చక్రానికి పని ఉండదు. అందుకే మనం వెనక బ్రేక్‌ని దాదాపు మర్చిపోతాం. పొడవైన, వెనక బరువున్న క్రూజర్‌లో వెనక బ్రేక్ నిజంగా బండిని ఆపుతుంది, చాలావాటికి ముందు ఒక్క డిస్కే. రెండూ కలిపి వాడకపోతే ఆగాల్సిన చోట ఆగరు.

ఎర్ర జాకెట్:
మీరంతా ఆరడుగుల మగవాళ్ళలా మాట్లాడుతున్నారు. నేను పొట్టి. ఆర్6 సీటు ఎత్తు 850 మిల్లీమీటర్లు. దాని మీద సిగ్నల్ దగ్గర ఒక కాలి వేళ్ళే ఆనేవి, రోడ్డు ఏటవాలుగా ఉంటే గుండె గొంతులోకి వచ్చేది. హోండా రెబెల్ 500 సీటు 690. రెండు పాదాలూ మడమలతో సహా నేల మీద ఉంటాయి. వాలే కోణం గురించి గంటలు చర్చించండి, నాకు ట్రాఫిక్‌లో టెన్షన్ పోయింది. నా వరకు క్రూజర్‌కి మారడం అంటే ఇదే.

ఇంకోటి. క్రూజర్ అనగానే ఫార్వర్డ్ కంట్రోల్సే ఎందుకు అనుకుంటున్నారు? రెబెల్‌లో కాళ్ళు అంత ముందుకు పోవు. కవాసకి వల్కన్ ఎస్‌లో నింజా 650 ఇంజినే, కింది ఆర్‌పీఎంలో లాగేలా మార్చి పెట్టారు. దాని పెగ్‌లని మూడు స్థానాల్లో ఎక్కడ కావాలంటే అక్కడ బిగించుకోవచ్చు. నల్ల హెల్మెట్ గారి నడుముకి, ఇష్టానికి మధ్యలో ఇలాంటివి ఉన్నాయి.

నల్ల హెల్మెట్:
అందరికీ థాంక్స్. ట్యాంకుని మోకాళ్ళతో పట్టుకుని చూశాను. అరచేతుల తిమ్మిరి బాగా తగ్గింది, మెడ మాత్రం అలాగే ఉంది. మెడ కోసమైతే నేకెడ్ చూస్తాను. కానీ దూరపు దారి గారి మాట వదలడం లేదు. ఈ మధ్య నాకూ రేసు మీద ఆసక్తి తగ్గింది, ఒప్పుకోవడమే కష్టంగా ఉంది. మిడ్ కంట్రోల్స్ (పెగ్‌లు మరీ ముందుకు పోకుండా మధ్యలో) ఉన్న క్రూజర్‌ని రోజంతా అద్దెకు తీసుకుంటున్నాను. ఏం గమనించాలి?

దూరపు దారి:
పొద్దున కాదు, సాయంత్రం నాలుగు తర్వాత ఒళ్ళెలా ఉందో చూడు తమ్ముడూ. మొదటి పది నిమిషాలు ఏ బండైనా బాగుంటుంది.

చైన్‌ల్యూబ్:
బయల్దేరేముందు ఖాళీ చోట యూ-టర్న్‌లు కొట్టండి, వెనక బ్రేక్‌తో ఆపడం అలవాటు చేసుకోండి. మొదట్లో కాలు పెగ్ కోసం వెనక్కి వెతుక్కుంటుంది. ఆ అలవాటు పోయేదాకా కొండ దారి ఎక్కకండి.