తండ్రి అంటే మనిషా, స్థానమా?
మనోవిశ్లేషణ (సైకోఅనాలిసిస్) చదువుతూ ఒకచోట ఆగిపోయాను, తెలిసినవారు దారి చూపగలరా? దానికి ఆద్యుడైన ఫ్రాయిడ్ 1909లో ప్రచురించిన చిన్నారి హాన్స్ ఉదంతం నన్ను వదలడం లేదు. గుర్రం కరుస్తుందని వీధిలోకి వెళ్లడానికే భయపడే అయిదేళ్ల పిల్లవాడు. గుర్రం కళ్ల గంతలలో, మూతి చుట్టూ ఉన్న నలుపులో ఫ్రాయిడ్‌కు తండ్రి కళ్లజోడు, మీసం కనిపించాయి; అంటే తండ్రి పట్ల భయమే గుర్రం మీదికి మళ్లిందని ఆయన భావన. కానీ ఆ తండ్రి మెత్తనివాడు. కొడుకు మాటలన్నీ రాసి ఫ్రాయిడ్‌కు పంపింది ఆయనే. ఫ్రాయిడ్ తర్వాతి తరం ఫ్రెంచ్ మనోవిశ్లేషకుడు లకాన్ మాత్రం తండ్రిని మనిషిగా కాక, తల్లీబిడ్డల మధ్య నిలిచే నియమంగా, ఒక పేరుగా చూశాడు. ఆ నియమం బలంగా నిలబడనందువల్లే గుర్రం వచ్చి ఆ ఖాళీని పూరించిందట. ఇక్కడే నా చిక్కు. అది కేవలం స్థానమే అయితే, తండ్రిని పసితనంలోనే పోగొట్టుకున్న బిడ్డకు తల్లి మాట ఒక్కటే ఆ పని చేయగలదా? నేను అలా పెరిగినదాన్నే, అందుకే ఇంతగా అడుగుతున్నాను. లకాన్‌ను ఎక్కడి నుంచి చదవడం మొదలుపెట్టాలో కూడా చెప్పండి.