బయోనిక్ చెయ్యి: సంతకం పెట్టే ముందు ఏం చూడాలి?

వేళచ్చేరి పాఠకుడు:
మోచేతి కింద చెయ్యి పోయినవాళ్లకి మయోఎలక్ట్రిక్ (కండరాల సంకేతాలతో కదిలే బయోనిక్) చెయ్యి అమర్చేటప్పుడు పెట్టించుకునే సంతకం కాగితంలో ఏమేం ఉండాలండీ? సైన్యం ఒంట్లో పరికరం పెట్టించేటప్పుడు సైనికుడి సంతకానికీ అంతే విలువ ఉంటుందా?

జయనగర్, ప్రోస్థెటిస్ట్ (కృత్రిమ అవయవాల నిపుణుడు):
ముందు చెయ్యి సంగతి. కండరం బిగిస్తే పుట్టే సంకేతాన్ని చర్మం మీది రెండు ఎలక్ట్రోడ్లు పట్టుకుంటాయి, ఒకటి వేళ్లు ముడవడానికి, రెండోది తెరవడానికి. మొదటి నెలల్లో మొండిచెయ్యి సన్నబడుతుంది. తొందరపడి అప్పుడే చివరి సాకెట్ (మొండిచేతికి తొడిగే గిన్నెలాంటి భాగం) చేయిస్తే వదులై ఎలక్ట్రోడ్ చర్మాన్ని వదిలేస్తుంది. చెమట పడితే సంకేతం చెడి, గ్లాసు పట్టుకుని ఉండగానే వేళ్లు తెరుచుకోవచ్చు. అందుకే పారదర్శకంగా ఉండే చెక్ సాకెట్ (పరీక్ష కోసం చేసేది) తొడిగి ఏసీ గదిలో కాక చెన్నై ఉక్కలో రెండు మూడు గంటలు చూడండి. చెయ్యి పైకెత్తి, బరువు పట్టి మరీ చూడాలి. కాగితంలో సాకెట్ మార్పు ఖర్చెవరిదో, బ్యాటరీ ఎన్నేళ్లు దొరుకుతుందో, సర్దుబాటు సాఫ్ట్‌వేర్ వేరే క్లినిక్‌కి ఇస్తారో లేదో రాయించుకోండి. ఈ చివరిది దాదాపు ఎవరూ అడగరు.

తాంబరం, బయోమెడికల్:
తొడుక్కునే చేతికి విడిభాగాలూ సర్దుబాటూ దొరక్కపోతే ఇబ్బంది, అంతే. ఒంట్లో పెట్టే పరికరానికైతే ప్రమాదం. చూపు పోయినవాళ్ల కంట్లో పెట్టే 60 ఎలక్ట్రోడ్ల ఆర్గస్ 2 రెటీనా ఇంప్లాంట్‌కి 2013లో అమెరికా అనుమతి వచ్చింది, 2019లో కంపెనీ దాన్ని ఆపేసింది. 350 మందికి పైగా కళ్లలో అది ఉండిపోయింది, బాగుచేసే దిక్కు పోయింది. కంపెనీ మూతపడితే తీసే శస్త్రచికిత్స ఖర్చు ఎవరిదో ముందే తేలాలి.

మారతహళ్లి:
సైన్యం డబ్బు తగిలినంత మాత్రాన తప్పనను. ల్యూక్ అనే బయోనిక్ చెయ్యి అమెరికా రక్షణ పరిశోధన సంస్థ దార్పా నిధులతో తయారై 2014లో అనుమతి పొందింది, పోయిన చేతికి బదులుగా. ఉన్న ఒంటికి అదనంగా చేర్చడం వేరు. పై అధికారి ఎదురుగా ఉంటే జవాను ‘వద్దు’ అనగలడా? అడిగే వైద్యుడు ఆ అధికార వరసకి బయటివాడై ఉండాలి, నిరాకరణ ప్రమోషన్‌కి అడ్డు రాకూడదు. సైనికుడి స్వేచ్ఛా నిర్ణయాన్ని దెబ్బతీసే మార్పులు కూడదని ఫ్రాన్స్ రక్షణ నైతిక కమిటీ 2020లో చెప్పింది. కొత్త ఆయుధాలను చట్టపరంగా పరిశీలించాలనే 36వ అధికరణం ఉన్న 1977 ప్రోటోకాల్‌లో (యుద్ధ నియమాల జెనీవా ఒప్పందాలకు అనుబంధం) మనదేశం లేదు. కాబట్టి ఈ నియమాలు మనమే రాసుకోవాలి.

వేళచ్చేరి పాఠకుడు:
సర్వీసు ముగిశాక ఇంప్లాంట్ తీసేస్తే సరిపోదా?

తాంబరం, బయోమెడికల్:
సరిపోదండీ. నరం చుట్టూ మచ్చకణజాలం పెరుగుతుంది, తీయబోతే నరమే దెబ్బతినొచ్చు. విడిభాగాలూ సర్దుబాటూ బతికున్నన్నాళ్లూ పెట్టించినవాళ్లే చూడాలి.