బెల్టు వేయర్ లెక్క లారీ కాటా కన్నా తక్కువ వస్తోంది: లోడ్ సెల్ మార్చాలా?

ఎన్నూరు యార్డు
మిత్రులందరికీ నమస్కారం. ఉత్తర చెన్నైలో, ఎన్నూరు దగ్గరి ఒక బొగ్గు యార్డులో నేను కన్వేయర్ల నిర్వహణ చూస్తున్నాను. లారీలను వే బ్రిడ్జి మీద తూచి బొగ్గును హాపర్‌లో పోస్తాము. అక్కడి నుంచి 1000 మిల్లీమీటర్ల వెడల్పు గల బెల్టు సెకనుకు 2 మీటర్ల వేగంతో, గంటకు 400 టన్నుల చొప్పున దానిని గుట్టకు చేరుస్తుంది. నడుస్తున్న బెల్టు మీదే బొగ్గును తూచే బెల్టు వేయర్‌లో తూచే ఐడ్లర్ (బెల్టును కింద నుంచి మోసే రోలర్ల స్టాండు) ఒక్కటే. ఐడ్లర్ల మధ్య దూరం ఒక మీటరు. వేగం కొలిచే సెన్సర్ టెయిల్ పుల్లీకి, అంటే బెల్టు వెనుక కొసన తిరిగే డ్రమ్ముకు, బిగించి ఉంది.

వానలకు ముందు రెండు లెక్కల మధ్య తేడా అర శాతం దాటేది కాదు. ఈశాన్య ఋతుపవనాలు వెళ్ళేసరికి బెల్టు వేయర్ 2.3 శాతం తక్కువ చూపడం మొదలుపెట్టింది. నెలనెలా ఖాళీ బెల్టును నడిపి లెక్కను సున్నాకు సరిచేస్తున్నాము (జీరో), తూకపు దిమ్మలు వేలాడదీసి చూసినా సరిగ్గానే వస్తోంది. బొగ్గులో తేమే కారణమని పైవారు అంటున్నారు. బరువును విద్యుత్ సంకేతంగా మార్చే లోడ్ సెల్‌ను మార్చమని ఇన్‌స్ట్రుమెంట్ విభాగం అంటోంది. వానల్లో పట్టేసిన కొన్ని రోలర్లను స్టోరులో ఉన్నవాటితో మార్చిన సంగతి కూడా చెప్పాలి. ముందు ఎక్కడ చూడమంటారు?

మణలి కాటాలు
తేమ మాట పక్కన పెట్టండి. లారీలో తూగిన తడి బొగ్గే గంట తిరగకముందే బెల్టు మీదికి వస్తున్నప్పుడు, తేమ రెండు చోట్లా ఒకే బరువుగా తూగుతుంది. లోడ్ సెల్‌నూ ఇప్పుడే అనుమానించకండి, ఎందుకంటే అది చెడిపోతే సాధారణంగా జీరో నిలకడ తప్పుతుంది, లేదా దిమ్మల పరీక్షలోనే దొరికిపోతుంది. లోడ్ సెల్ వైర్లు కలిసే జంక్షన్ బాక్సు మూత మాత్రం ఒకసారి తీసి చూడండి. ఉప్పుగాలికి ఆ టెర్మినళ్ళు పచ్చబడి ఉండటం మన ప్రాంతంలో మామూలే.

మీరు చేస్తున్న దిమ్మల పరీక్ష రెండు విషయాలను పట్టుకోలేదు. మొదటిది వేగం. ఇంటిగ్రేటర్ (వేయర్ లెక్క కట్టే పెట్టె) మీటరుకు ఎన్ని కిలోలో, సెకనుకు ఎన్ని మీటర్లో రెండింటినీ గుణించి మొత్తం కడుతుంది. పరీక్షలో బెల్టు చుట్లను కూడా అదే సెన్సర్ పల్సులతో లెక్కపెడితే, సెన్సర్ తప్పు పరీక్షలోకీ వచ్చి కనిపించకుండా పోతుంది. టెయిల్ పుల్లీ వ్యాసం 400 మిల్లీమీటర్లు అనుకుందాం. తడి బొగ్గుపొడి చుట్టూ 3 మిల్లీమీటర్ల మందాన అంటుకుంటే వ్యాసం 406 అవుతుంది, అంతే పొడవు బెల్టుకు పుల్లీ తిరిగే చుట్లు దాదాపు ఒకటిన్నర శాతం తగ్గుతాయి, లెక్కా అంతే తగ్గుతుంది. బెల్టు అంచున తెల్ల రంగుతో ఒక గుర్తు పెట్టి, టేపుతో కొలిచిన బెల్టు పొడవును పదింతలు చేసి, పది చుట్లకు పట్టిన సమయంతో భాగించి, వచ్చిన వేగం ఇంటిగ్రేటర్ చూపే వేగంతో సరిపోతుందో లేదో చూడండి. స్టాప్‌వాచీ, రంగు డబ్బా తప్ప దీనికి ఇంకేమీ అక్కర్లేదు.

రెండవది ఐడ్లర్ల ఎత్తు. నా అనుభవంలో ఎక్కువ మంది తప్పిపోయేది ఇక్కడే. గంటకు 400 టన్నులు, సెకనుకు 2 మీటర్లు అంటే మీ బెల్టు మీద మీటరుకు దాదాపు 55 కిలోల బొగ్గు ఉంటుంది. తూచే ఐడ్లర్ ఇరుపక్కల ఐడ్లర్ల కన్నా ఒక మిల్లీమీటరు కిందికి ఉంటే, బిగుతుగా ఉన్న బెల్టు తన బరువును, బొగ్గు బరువును కొంత పక్కవాటి మీదికి మోసుకుపోతుంది. ఖాళీ బెల్టు బిగుతు వల్ల వచ్చే తేడాను జీరో మింగేస్తుంది కాబట్టి అది కనబడదు. బొగ్గు పడ్డాక బిగుతు 3000 న్యూటన్లు పెరిగిందనుకోండి, అప్పుడు అదనంగా వచ్చే తేడా 6 న్యూటన్లు, అంటే సుమారు 0.6 కిలో. 55 కిలోల మీద అది ఒక శాతానికి పైమాటే. స్టోరులోంచి తెచ్చిన మామూలు రోలర్లను వేయర్ పక్కనే వేశారా? వేసి ఉంటే, ముందూ వెనుకా కనీసం మూడేసి ఐడ్లర్ల మీదుగా సన్నని ఉక్కు తీగ బిగించి, మధ్య రోలర్ల మీదా పక్క రోలర్ల మీదా విడివిడిగా ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్నని రేకులతో) చూడండి. అర మిల్లీమీటరు తేడాకు మించి వదిలిపెట్టవద్దు.

పాత ఫిట్టరు, గుమ్మిడిపూండి
మణలి వారు చెప్పినదానికి చిన్న చేర్పు. గ్రావిటీ టేక్-అప్ బరువు, అంటే బెల్టును బిగుతుగా ఉంచేందుకు వేలాడే బరువు, స్వేచ్ఛగా కదులుతోందో లేదో చూడండి. గైడ్లలో బొగ్గుపొడి పేరుకుని అది బిగుసుకుపోతే ఖాళీ బెల్టు బిగుతు ఒక రోజు ఒకలా, మరుసటి రోజు మరొకలా ఉంటుంది, అలాంటి బెల్టు మీద చేసిన జీరోకు విలువ లేదు. బెల్టును గీకి శుభ్రం చేసే స్క్రేపర్ బ్లేడు అరిగితే బెల్టుకు అంటుకున్న తడిపొడి కూడా జీరోను జరుపుతుంది.

టెయిల్ పుల్లీ దగ్గర చేతులు పెట్టే ముందు పవర్ తీసి, తాళం మీ జేబులో ఉంచుకుని, టేక్-అప్ బరువును కూడా కట్టివేయండి. పుల్ కార్డ్ (బెల్టును అత్యవసరంగా ఆపే తాడు) లాగితే చాలనుకోవద్దు. తిరుగుతున్న యంత్రం దగ్గర పని గురించి 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 22వ సెక్షన్ పెట్టింది ఊరికే కాదు. ఐడ్లర్ ఫ్రేమును వెల్డింగ్ చేయాల్సి వస్తే ఎర్త్ క్లిప్పును వెల్డింగ్ చోటికి ఆనుకునే పెట్టండి. కరెంటు లోడ్ సెల్ గుండా వెళ్ళిందంటే అప్పుడు నిజంగానే కొత్తది కొనాలి.

ఎన్నూరు యార్డు
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆదివారం షట్‌డౌన్‌లో పర్మిట్ తీసుకుని చూశాము. టెయిల్ పుల్లీ మీద బొగ్గుపొడి గట్టిపడి, సుత్తికి తప్ప ఊడనంతగా పట్టి ఉంది. దానిని గీకి, స్క్రేపర్ బ్లేడు మార్చి, బెల్టును ఇరవై నిమిషాలు ఖాళీగా నడిపి, పూర్తి చుట్ల లెక్కన జీరో చేశాము. మర్నాడు పది లారీల బొగ్గును విడిగా పోసి చూస్తే తేడా 2.3 నుంచి 0.8 శాతానికి దిగింది. తీగ కట్టి చూస్తే కొత్తగా వేసిన రెండు ఐడ్లర్ల స్టాండులే దాదాపు ముప్పావు మిల్లీమీటరు ఎత్తుగా ఉన్నాయి. తూచే ఐడ్లర్ తన చోట తాను సరిగ్గానే ఉంది. ఇప్పుడు తూచే ఐడ్లర్ కింద షిమ్ (పలుచని రేకు) పెట్టి పైకి ఎత్తాలా, ఆ రెండింటినీ దించాలా?

మణలి కాటాలు
ఆ రెండింటినే దించండి. తూచే ఐడ్లర్‌ను ఎత్తితే వాటి అవతల ఉన్న ఐడ్లర్లతో కొత్త తేడా మొదలవుతుంది. బోల్టులు వదులు చేసి, ఆ స్టాండుల కింద ఉన్న షిమ్‌లను తగ్గించండి. షిమ్ లేకపోతే ఫ్రేమును మార్చండి. ఆ తర్వాత మళ్ళీ జీరో, మళ్ళీ లారీ బొగ్గుతో పరీక్ష. అవి పూర్తయ్యే వరకు ఇంటిగ్రేటర్‌లో స్పాన్ సంఖ్యను (చూపే బరువును పెంచి తగ్గించే గుణకాన్ని) ముట్టుకోవద్దు.

ఎన్నూరు యార్డు
అలాగే చేస్తాము. వచ్చే ఆదివారం పరీక్ష అంకెలు ఇక్కడే పెడతాను. లోడ్ సెల్ కొనుగోలు కాగితాన్ని అప్పటి వరకు ఆపించాను.