కత్రినా ఏస్ 20 రావాలి, నాకు 22.8 వస్తున్నది: 2005 అట్లాంటిక్ ఫైల్‌లో తప్పు ఎక్కడ?

హన్మకొండ_భూగోళం:

అందరికీ నమస్కారం. డిగ్రీ పిల్లల ప్రాక్టికల్ కోసం 2005 అట్లాంటిక్ సీజన్ తుఫాన్లను ఎక్సెల్‌లో పెడుతున్న. అమెరికా జాతీయ హరికేన్ కేంద్రం ఇచ్చే హర్‌డాట్-2 ఫైల్ దించుకున్న. మూడు దగ్గర్ల ఆగిపోయిన.

మొదటిది, ఏస్ (తుఫాను మొత్తం శక్తికి అంచనా అంకె) లెక్క. గాలి వేగాన్ని నాట్లలో (గంటకు నాటికల్ మైళ్లు) తీసుకుని, వర్గం చేసి, అన్నీ కూడి 10,000తో భాగిస్తున్న. కత్రినాకు 20.0 అని అంతటా ఉంది, నాకు 22.8 వస్తున్నది. 35 నాట్ల లోపు వరుసలు తీసేసిన. అయినా మారలేదు.

రెండోది, ఆగస్టు 29న లూసియానాలో తీరం దాటినప్పుడు కత్రినా పీడనం 920 మిల్లీబార్లు, గాలి 110 నాట్లు. 1992లో ఆండ్రూ ఫ్లోరిడా తీరం దాటినప్పుడు 922 మిల్లీబార్లు, గాలి మాత్రం 145 నాట్లు. పీడనం దాదాపు ఒకటే ఉన్నప్పుడు గాలిలో 35 నాట్ల తేడా ఎట్ల వస్తది? ఫైల్‌లో పొరపాటా?

మూడోది, ఈ అంకెల పక్కన మన బంగాళాఖాతం తుఫాన్ల అంకెలు పెట్టి ఒకే పట్టిక చేయొచ్చా? పిల్లలు అడిగే మొదటి ప్రశ్న అదే: "సార్, మన వరంగల్ మీదికి వచ్చేటివి ఏ కేటగిరీ?"

జమ్మికుంట_డేటా:

సార్, 22.8 అనంగనే తప్పు ఎక్కడుందో తెలిసిపోయింది. మీరు తీరం దాటిన వరుసలు కూడా కూడుతున్నరు.

ఏస్‌కు లెక్కలోకి వచ్చేవి రోజుకు నాలుగే సమయాలు: 0000, 0600, 1200, 1800, అన్నీ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం). హర్‌డాట్-2లో వీటి మధ్యలో అదనపు వరుసలు ఉంటయి. కత్రినాకు అట్లాంటివి మూడు. ఆగస్టు 25న 2230కి ఫ్లోరిడా, 70 నాట్లు. 29న 1110కి లూసియానాలో బ్యూరాస్ దగ్గర, 110 నాట్లు. అదే రోజు 1445కి మిసిసిపి సరిహద్దు దగ్గర, 105 నాట్లు. వీటి వర్గాలు 4,900, 12,100, 11,025. మొత్తం 28,025, అంటే 2.8. మీకు ఎక్కువ వచ్చింది సరిగ్గా అంతే.

ఇవి తీసేసి రోజువారీగా కూడితే ఇట్ల రావాలి:

24వ తేదీ: 2,825
25: 11,150
26: 21,975
27: 37,125
28: 69,150
29: 53,725
30: 4,100

మొత్తం 2,00,050. పదివేలతో భాగిస్తే 20.005. 28వ తేదీ ఒక్కదాన్ని పిల్లలతో చేతితో చేయించండి: 100, 125, 145, 150 నాట్ల వర్గాలు. ఆ ఒక్క రోజే మొత్తంలో మూడో వంతు దాటింది. వేగాన్ని వర్గం ఎందుకు చేస్తరో దాన్ని చూపిస్తే చాలు, ఇంకో ఉదాహరణ అక్కర్లేదు.

అయితే తీసేసేటప్పుడు జాగ్రత్త. తీరం దాటినట్టు సూచించే 'ఎల్' అక్షరం ఉన్న వరుసలన్నీ తీసేద్దామనిపిస్తది. అట్ల చేయొద్దు. కొన్ని తుఫాన్లు సరిగ్గా 0600కో 1200కో తీరం దాటుతయి. ఆ వరుసకూ 'ఎల్' ఉంటది కానీ అది లెక్కలో ఉండాల్సిందే. సమయాన్ని బట్టి వడకట్టాలి, అక్షరాన్ని బట్టి కాదు. సమయాన్ని 600తో భాగించి శేషం సున్నా వస్తే ఉంచండి, రాకుంటే తీసేయండి. ఎక్సెల్‌లో మాడ్ ఫార్ములా దీనికే. 1110కి శేషం 510, 1445కి 245, 2230కి 430. మూడూ పోతయి.

ఇంకో మూడు గుంతలున్నయి, ముందే చెప్తున్న.

ఒకటి, ప్రతి గడిలో అంకె ముందర ఖాళీలు ఉంటయి. 'హెచ్‌యూ' (హరికేన్, అంటే 64 నాట్లు ఆ పైన గాలి ఉన్న దశ) అని వెతికితే దొరకదు, ఎందుకంటే గడిలో ఉన్నది ఖాళీతో మొదలయ్యే 'హెచ్‌యూ'. ముందుగా ట్రిమ్ చేసుకోండి.

రెండు, తుఫాను దశ. టీఎస్ (తుఫాను), హెచ్‌యూ, ఎస్‌ఎస్ (ఉపోష్ణ తుఫాను) ఉన్న వరుసలే ఏస్‌లోకి వస్తయి. ఈఎక్స్ అంటే ఉష్ణమండల స్వభావం పోయిన దశ, గాలి ఎంత ఉన్నా కూడొద్దు. కత్రినా చివరి వరుసలు 30 నాట్లు దాటలేదు కాబట్టి మీకు తేడా తెలియలేదు. విల్మాకు తెలుస్తది: అది అక్టోబర్ 26 నాటికి ఆ దశకు మారింది, గాలులు మాత్రం ఇంకా గట్టిగానే ఉన్నయి.

మూడు, పాత ఏళ్ల మీదికి పోతే గాలి తెలియని చోట మైనస్ 99 ఉంటది. వర్గం చేస్తే మైనస్ పోయి 9,801 అయి కూర్చుంటది. వర్గం చేయకముందే 34 నాట్ల షరతు పెట్టుండ్రి.

మంచిర్యాల_మ్యాప్:

రెండో ప్రశ్నకు నేను చెప్తాను. ఫైల్ సరిగ్గానే ఉంది.

గాలి వేగాన్ని తేల్చేది కేంద్రంలో పీడనం ఎంత పడిందన్నది ఒక్కటే కాదు. ఆ పడిపోవడం ఎంత దూరంలో జరిగిందన్నది కూడా అంతే ముఖ్యం. పద్మాక్షి గుట్టనే తీసుకోండి. ఎత్తు అంతే ఉంచి అడుగుభాగాన్ని నాలుగింతలు పరిస్తే వాలు తగ్గిపోతుంది, మెట్లు లేకుండానే ఎక్కవచ్చు. ఆండ్రూ చిన్న తుఫాను, వాలు నిటారు. కత్రినా చాలా పెద్దది, వాలు పరుచుకుంది.

ఎంత పెద్దదంటే, ఆగస్టు 28న హరికేన్ స్థాయి గాలులు కేంద్రం నుంచి దాదాపు 90 నాటికల్ మైళ్ల వరకు, అంటే 167 కిలోమీటర్ల దాకా వీచాయి. హన్మకొండలో కేంద్రం పెడితే హైదరాబాద్ దాటి పోతుంది. తుఫాను స్థాయి గాలులు 200 నాటికల్ మైళ్లు, 370 కిలోమీటర్లు. ఫైల్‌లో పీడనం తరవాత వచ్చే పన్నెండు నిలువులు ఇవే: 34, 50, 64 నాట్ల గాలులు ఈశాన్యం, ఆగ్నేయం, నైరుతి, వాయవ్యం వైపు ఎంత దూరం ఉన్నాయో ఆ క్రమంలోనే ఇస్తారు. 2004 నుంచే ఈ వివరం ఉంది. అందుకే ఆండ్రూకు ఆ గడులన్నీ మైనస్ 999. వాటిని సగటు తీయకండి, మ్యాప్ మీద గీయకండి.

అతి చిన్న కన్ను (తుఫాను మధ్యలోని ప్రశాంత భాగం) చూడాలంటే అదే సీజన్లో విల్మా ఉంది. అక్టోబర్ 19న 882 మిల్లీబార్లు. అట్లాంటిక్‌లో ఇప్పటికీ అదే అత్యల్పం. అంతకు ముందు 24 గంటల్లో 97 మిల్లీబార్లు పడింది. ఆ సమయంలో కన్ను వ్యాసం రెండు నాటికల్ మైళ్లు, నాలుగు కిలోమీటర్లు కూడా లేదు. గాలి 160 నాట్లు.

పిల్లలకు తప్పకుండా చెప్పాల్సిన మాట ఇంకొకటి ఉంది. కత్రినా తీరం దాటింది కేటగిరీ 3గా (అమెరికా వాళ్లు గాలి వేగాన్ని బట్టి 1 నుంచి 5 దాకా ఇచ్చే నంబర్). మిసిసిపిలోని పాస్ క్రిస్టియన్‌లో ఉప్పెన 27.8 అడుగులు, అంటే 8.5 మీటర్లు. ముందురోజు 150 నాట్లతో అంత విస్తీర్ణంలో తోసుకొచ్చిన నీళ్లు, గాలి తగ్గగానే వెనక్కి పోవు. పైగా ఆ తీరంలో సముద్రం లోతు తక్కువ, నీళ్లకు పైకి లేవడం తప్ప దారి లేదు. కేటగిరీ అన్నది గాలి లెక్క మాత్రమే. పాత పట్టికల్లో ప్రతి కేటగిరీ ఎదురుగా పీడనం, ఉప్పెన ఎత్తు కూడా రాసేవారు. 2010లో వాటిని తీసేశారు. మీ పాఠ్యపుస్తకంలో ఇంకా ఆ పాత పట్టికే ఉంటే, ఆ రెండు నిలువులూ కొట్టేసి చెప్పండి.

హన్మకొండ_భూగోళం:

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. కత్రినా 20.005 వచ్చింది. కానీ మొత్తం సీజన్‌కు పోతే మళ్లీ చిక్కు. అప్పటి బులెటిన్లలో విల్మాను 24వ వాయుగుండం అన్నరు, ఫైల్‌లో ఏఎల్252005 అని ఉంది. నేను కూడిన మొత్తం కూడా తక్కువ వస్తున్నది. తేదీలో 2005 ఉన్న వరుసలన్నీ తీసుకున్న.

జమ్మికుంట_డేటా:

తక్కువ రావడానికి కారణం జీటా, సార్. అది డిసెంబర్ 30న పుట్టి 2006 జనవరి 6 దాకా బతికింది. తేదీతో వడకడితే జనవరి వరుసలు పోతయి. తుఫాను తలవరుసలో ఉన్న గుర్తు చివరి నాలుగంకెలు చూడాలె. తలవరుసలో మూడో అంకె ఆ తుఫానుకు ఎన్ని వరుసలున్నయో చెప్తది. కత్రినాకు 34. పేరు తలవరుసలో ఒక్కసారే ఉంటది కాబట్టి పక్కన ఒక నిలువు పెట్టి, మొదటి గడి 'ఏఎల్'తో మొదలైతే ఆ గుర్తు తీసుకో, లేకుంటే పై గడిలో ఉన్నదే దింపు అని రాయండి. గడి పొడవు చూసి తలవరుసను గుర్తుపట్టొద్దు. ఏఎల్122005, 20050829 రెండూ ఎనిమిదే.

24, 25 సంగతి: సీజన్ అయిపోయినంక నిపుణులు అంతా మళ్లీ పరిశీలిస్తరు. అప్పుడు అక్టోబర్ మొదట్లో అజోర్స్ దీవుల దగ్గర వచ్చిన ఒక ఉపోష్ణ తుఫాను బయటపడింది. దానికి పేరు లేదు. అది చేరంగనే దాని తరవాతి వాటి నంబర్లు ఒకటి జరిగినయి. బులెటిన్ నంబర్‌తో ఫైల్‌లో వెతికితే అక్టోబర్ నుంచి ఒక తుఫానుకు బదులు ఇంకోటి వస్తది. పేరుతో వెతకండి.

అదే పరిశీలనలో సిండీ హరికేన్ అయింది, ఎమిలీ కేటగిరీ 5 అయింది. తగ్గించినవీ ఉంటయి: 2020లో ఐయోటాను అప్పుడు కేటగిరీ 5 అన్నరు, తరవాత 135 నాట్లకు తగ్గించి 4 చేసిండ్రు. ఆ రోజుల పేపర్లలో అంకెకు, ఫైల్‌లో అంకెకు తేడా ఉంటే ఫైల్‌దే తీసుకోవాలె.

అంతా అయినంక సరిచూసుకునే పద్ధతి: ఫైల్‌లో వేగం అయిదు నాట్లకు సవరించి ఉంటది. ఒక్కో తుఫాను గరిష్ఠ వేగం తీసి లెక్కపెట్టండి. 35 ఆ పైన 28 రావాలి. 65 ఆ పైన 15. 100 ఆ పైన 7: డెన్నిస్, ఎమిలీ, కత్రినా, మరియా, రీటా, విల్మా, బీటా. 140 ఆ పైన 4: ఎమిలీ, కత్రినా, రీటా, విల్మా. ఈ నాలుగు అంకెలు కుదిరి, మొత్తం ఏస్ 245 దగ్గర వస్తే మీ పట్టిక బాగున్నట్టే. గరిష్ఠం తీసేటప్పుడు మాత్రం ఈఎక్స్ వరుసలు పక్కన పెట్టండి.

ములుగు_వానలెక్క:

మూడో ప్రశ్న మిగిలిపోయింది, దానికే ఎక్కువ జాగ్రత్త కావాలి.

అమెరికా వాళ్లు ఒక నిమిషం సగటు గాలి ఇస్తారు. మన వాతావరణ శాఖ మూడు నిమిషాల సగటు ఇస్తుంది. ఒకే తుఫానుకు ఒక నిమిషం సగటే కొంత ఎక్కువ చూపిస్తుంది. రెండు అంకెలను పక్కపక్కన పెడితే అట్లాంటిక్ తుఫాన్లు ఉన్నదానికంటే బలంగా కనిపిస్తాయి. ఐబీట్రాక్స్ అనే ప్రపంచ ఫైల్ దించుకోండి. అందులో అమెరికా సంస్థల గాలి ఒక నిలువులో, న్యూఢిల్లీ గాలి ఇంకో నిలువులో ఉంటాయి. పోలికకు రెండు సముద్రాలకూ అమెరికా నిలువే వాడండి. మన హెచ్చరికల గురించి చెప్పేటప్పుడు న్యూఢిల్లీ నిలువు.

పేర్లు కూడా కలపకండి. మన దగ్గర 17 నుంచి 27 నాట్లు వాయుగుండం, 28 నుంచి 33 తీవ్ర వాయుగుండం, 34 నుంచి తుఫాను, 48 నుంచి తీవ్ర తుఫాను, 64 నుంచి అతి తీవ్ర తుఫాను, 90 నుంచి అత్యంత తీవ్ర తుఫాను, 120 ఆ పైన సూపర్ సైక్లోన్. అమెరికా కేటగిరీ 1 మొదలయ్యేది 64 దగ్గర. అంటే వాళ్ల ఒకటో నంబర్ మన అతి తీవ్ర తుఫాను.

ఇక పిల్లల ప్రశ్న. వరంగల్ మీదికి వచ్చేసరికి కేటగిరీ ఉండదు. తీరం దాటి ఇంత దూరం వచ్చేలోపు గాలి పడిపోతుంది, నీళ్లు పడిపోవు. 2024 సెప్టెంబర్ 1 తెల్లవారుజామున కళింగపట్నం దగ్గర తీరం దాటింది వాయుగుండం మాత్రమే, పేరు కూడా లేదు. మున్నేరు ఖమ్మాన్ని ముంచింది, కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. 2023 జూలై 27 ఉదయం వరకు 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు పడింది. అప్పుడు తుఫానే లేదు. 2025 అక్టోబర్ చివర్లో వచ్చిన మొంథాకు పేరుంది, కానీ హన్మకొండ, వరంగల్ కాలనీలు మునిగింది అది భూమి మీద బలహీనపడ్డాకే.

2005 పట్టికలోనే దీనికి జత ఉంది: స్టాన్. గరిష్ఠం 70 నాట్లు, కేటగిరీ 1, ఏస్ చాలా తక్కువ. దాని చుట్టూ ఉన్న విస్తారమైన అల్పపీడనంతో కలిసి మధ్య అమెరికాలో రోజుల తరబడి వానలు పడి, గ్వాటెమాలాలో కొండ జారి పనబాహ్ అనే ఊరిని కప్పేసింది. ఎంతోమంది ఆ బురద కిందే పోయారు. ఏస్ వరసలో స్టాన్ కిందెక్కడో ఉంటుంది, దాని పేరు మాత్రం డెన్నిస్, కత్రినా, రీటా, విల్మాతో పాటు మళ్లీ వాడకుండా తీసేశారు.

కాబట్టి మీ పట్టికలో ఏస్ పక్కన ఇంకో నిలువు పెట్టించండి: తుఫాను ఆరు గంటల్లో ఎంత దూరం కదిలింది. అక్షాంశ రేఖాంశాలు ఫైల్‌లో ఉన్నాయి కదా. పడమర రేఖాంశానికి మైనస్ పెట్టడం మరవద్దు, లేకపోతే కత్రినా వచ్చి మన ఉత్తర భారతం మీద తేలుతుంది. ఒక డిగ్రీ అక్షాంశం 111 కిలోమీటర్లు. రేఖాంశానికి ఆ 111ని అక్షాంశ కొసైన్‌తో గుణించాలి. నెమ్మదిగా కదిలిన వరుసలకు రంగు వేయించండి. వాన ఎక్కడ ఎక్కువసేపు నిలిచి ఉంటుందో వెతకాల్సింది ముందుగా అక్కడే.