రోజూ రాసే అలవాటు పుస్తకాలు చదివితే వస్తుందా?

షిఫ్టు_సి:
అలవాట్ల మీద వచ్చిన పుస్తకాలు కొన్ని చదివాను. రోజూ ఒకే వేళకి కూర్చో, తెల్లారగట్ల 5కి లే అంటాయి. సి షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ, పడ్డ వారం ఆ టైముకి నేనింకా డ్యూటీలోనే ఉంటాను. కథలు రాద్దామని ఉంది. నాలాంటోడికి అలవాటు ఎలా పడుతుంది?

మధురవాడ_రాతగాడు:
వేళ పట్టించుకోకు భయ్యా. ఏ పని అయ్యాక కూర్చుంటావన్నదే లెక్క. ఏ షిఫ్టయినా ఇంటికొచ్చి టీ తాగుతావు కదా, ఆ గ్లాసు పక్కనే నోట్‌బుక్ పెట్టుకో. మొదట్లో రెండు నిమిషాలు చాలు, ఒక్క వాక్యం రాసి మూసెయ్. 21 రోజులు వదలకుండా చెయ్, తర్వాత అదే లాక్కెళ్తుంది. నేను అలాగే రోజుకి 500 మాటల దాకా వచ్చాను.

డాబాగార్డెన్స్_మాస్టారు:
21 రోజులని ఎవరన్నారు బాబూ? మాక్స్‌వెల్ మాల్ట్జ్ అని అమెరికాలో ఓ ప్లాస్టిక్ సర్జన్. ముక్కు సరిచేయించుకున్నవాళ్లకి కొత్త ముఖం అలవాటవడానికి కనీసం 21 రోజులు పడుతోందని 1960లో రాశాడు. జనం నోళ్లలో నాని ‘కనీసం’ పోయింది, ముక్కూ పోయింది, 21 మిగిలింది. తర్వాత లండన్ యూనివర్సిటీ కాలేజీవాళ్లు 96 మందిని పెట్టుకుని చూస్తే దాదాపు 66 రోజులని తేలింది. మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా అంచనా కట్టారు. అదీ మంచినీళ్లు తాగడం, పండు తినడం లాంటి వాటికి. కథ రాయడానికి కాదు. కథకుడు కాళీపట్నం రామారావు, అదే మన కారా మాస్టారు, మన విశాఖ బళ్లోనే లెక్కలు చెప్పారు. ఏళ్ల తరబడి కథ రాయకుండా ఉండి, అప్పుడు ‘యజ్ఞం’ రాశారు. ఏ యాప్‌లో టిక్కు పెట్టుకున్నారాయన?

పెందుర్తి_పద్మ:
ముక్కూ పోయింది, హహ్హ.

మధురవాడ_రాతగాడు:
కారా గారిని తెచ్చి మా నెత్తిన కూర్చోబెట్టకండి మాస్టారూ. రావిశాస్త్రి గారు మాత్రం? పగలంతా కోర్టు, క్లయింట్లు, అయినా అన్ని కథలు, నవలలు రాశారు. సరే, 66 అనే అనుకుందాం. ఒకరోజు తప్పినా పెద్ద నష్టం లేదని కూడా ఆ లండన్‌వాళ్లే తేల్చారు. అది మింగేశారేం?

డాబాగార్డెన్స్_మాస్టారు:
ముందు 21 తప్పని ఒప్పుకో.

షిఫ్టు_సి:
సి షిఫ్టు దిగి టీ తాగితే పగలు నిద్ర పట్టదండీ. వేరేదేమైనా చెప్పండి.

బీచ్‌రోడ్_నడక:
నాకైతే ఇలాంటి పుస్తకాలు కొనడమే అలవాటైంది. రాసింది సున్నా.

డాబాగార్డెన్స్_మాస్టారు:
ఒప్పుకోడు. పొద్దున్నే మన కథల గ్రూపులో ‘500 పూర్తి’ అని పెడతారు, అందరూ చప్పట్ల బొమ్మలు. ఏం రాశావురా అని అడిగే నాథుడు లేడు. కాటా మీద బస్తాలు తూచినట్టు కథల్ని తూస్తున్నారు.

మధురవాడ_రాతగాడు:
అడిగింది మీరొక్కరే. ఎలా అడిగారో చెప్పమంటారా? పోయినేడు ఆదివారం సమావేశంలో నా కథ మొదటి పేరా గట్టిగా చదివి, “ఇందులో క్రియలన్నీ ఆవలిస్తున్నాయి” అన్నారు. హాలంతా నవ్వింది. తర్వాత చాన్నాళ్లు పెన్ను ముట్టలేదు నేను. మళ్లీ కూర్చోబెట్టింది ఆ రెండు నిమిషాల కిటుకే. మీకది చిల్లరగా కనబడొచ్చు.

డాబాగార్డెన్స్_మాస్టారు:
నువ్విచ్చిన ప్రతి కథా చదివాను. పెన్సిల్‌తో గుర్తులు పెట్టి మరీ ఇచ్చాను. వేసవిలో నా కథ ఒకటి అదే గ్రూపులో పెట్టాను. నాలుగు బొటనవేలి బొమ్మలు వచ్చాయి, ఒక్క మాట రాలేదు. నీ దగ్గర్నుంచి బొమ్మ కూడా రాలేదు. ఇంతమంది రోజూ రాస్తున్నారు, పక్కవాడిది చదివే అలవాటు ఒక్కడికీ పడలేదేం?

పెందుర్తి_పద్మ:
ఓహో, గొడవ 21 గురించి కాదన్నమాట. ఆ బొటనవేళ్లలో నాదీ ఉంది మాస్టారూ. చదివాను. ఏమైనా అంటే నా మాటల్లోనూ క్రియలు ఆవలిస్తున్నాయంటారేమోనని ఊరుకున్నా.

షిఫ్టు_సి:
బూట్లు విప్పే చోట నోట్‌బుక్ పెడితే?

బీచ్‌రోడ్_నడక:
పెట్టు తమ్ముడూ. వీళ్లు తేలేలా లేరు.

మధురవాడ_రాతగాడు:
నేనూ చదివాను మాస్టారూ. ఫిషింగ్ హార్బర్‌లో ఎండుచేపలమ్మే ముసలమ్మ కథ. తక్కెట్లో చేపలతో పాటు ఉప్పు కూడా తూగుతోందని బేరమాడే చోట రెండుసార్లు ఆగాను. కొడుకు తిరిగొచ్చే చివరి పేజీ మాత్రం అక్కర్లేదు.

డాబాగార్డెన్స్_మాస్టారు:
ఎందుకక్కర్లేదు?

మధురవాడ_రాతగాడు:
ఇక్కడ చెప్పను. ప్రింటు తీసి, పక్కన రాసి ఆదివారం ఇస్తాను. నాది కూడా అలాగే చూడండి. గట్టిగా చదవొద్దు.

డాబాగార్డెన్స్_మాస్టారు:
పక్కన రాయడానికి నువ్వెప్పుడైనా మార్జిన్ వదిలావా?