దీర్ఘకాలిక నడుము నొప్పికి వ్యాయామంతో పాటు మెదడుకు విద్యుత్ ప్రేరణ: తీసుకున్నవారి అనుభవాలు కావాలి

వరంగల్ పంతులు:
సభ్యులందరికీ నమస్కారం. నా వయసు 52. రోజుకు ఆరు పీరియడ్లు నిలబడి పాఠం చెప్పే ఉద్యోగం. నాలుగేళ్లుగా నడుము కింది భాగంలో నొప్పి ఉంది. అది కాలికి పాకదు, తిమ్మిరి లేదు, ఎమ్మారైలో వయసుకు తగిన అరుగుదల తప్ప మరేమీ కనిపించలేదని ఇద్దరు ఎముకల వైద్యులు చెప్పారు. బెల్టు వాడాను, మాత్రలు వేసుకున్నాను, బరువులతో నడుమును సాగదీసే ట్రాక్షన్ కూడా పెట్టించుకున్నాను. మూడు వారాలు వ్యాయామం చేయడం, నొప్పి పెరిగిందని భయపడి మానేయడం, కొన్ని నెలల తరువాత మళ్లీ మొదలుపెట్టడం, ఈ నాలుగేళ్లూ ఇలాగే గడిచాయి. ఈమధ్య ఒక క్లినిక్‌లో, తలకు రెండు తడి స్పాంజీలు కట్టి సన్నని కరెంటు పంపి, ఆ వెంటనే వ్యాయామం చేయిస్తే నొప్పి తగ్గుతుందని చెప్పి, 20 సిట్టింగులకు డబ్బు ముందే కట్టమన్నారు. నొప్పి నడుములో ఉంటే కరెంటు తలకు ఎందుకని అడిగితే నాకు అర్థమయ్యే జవాబు రాలేదు. ఈ చికిత్స తీసుకున్నవారు గానీ, చేసేవారు గానీ ఉంటే ఉన్నదున్నట్టు చెప్పమని కోరుతున్నాను.

మెల్‌బోర్న్ ఫిజియో:
పంతులు గారూ, నేను గుంటూరులో చదువుకుని కొన్నేళ్లుగా ఇక్కడ ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. మీ ప్రశ్నకు జవాబు ఉంది, మీకు దాన్ని చెప్పి ఉండవలసింది. నొప్పి 12 వారాలు దాటితే దాన్ని దీర్ఘకాలికం అంటాము. అప్పటికి చాలామందిలో సమస్య కండరంలోనో డిస్కులోనో మాత్రమే ఉండదు, నాడీవ్యవస్థ నొప్పిని పెంచి చూపడం అలవాటు చేసుకుంటుంది. శరీరాన్ని కదిలించే ఆజ్ఞలు పుట్టే మెదడు భాగాన్ని మోటార్ కార్టెక్స్ అంటారు. నడుము నొప్పి పదేపదే తిరగబెట్టేవారిలో, పొట్ట లోపలి కండరానికి సంబంధించిన చోటు ఆ భాగంలో కొంత పక్కకు జరిగి ఉంటుందని బ్రిస్బేన్‌లోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో చూపారు. ఆ కండరాన్ని విడిగా, మెల్లగా బిగించే శిక్షణ రెండు వారాలు ఇస్తే ఆ చోటు తిరిగి సాధారణ స్థానం వైపు జరిగిందని 2010లో వాళ్లే చూపారు. అంటే తలపై ఏ పరికరమూ పెట్టకుండానే, శ్రద్ధగా చేసిన వ్యాయామం మెదడు దాకా వెళ్తుంది. నా రోగులకు నేను మొదట చెప్పేది ఇదే.

ఇక కరెంటు సంగతి. మీకు చెప్పినదాన్ని టీడీసీఎస్ అంటారు. సాధారణంగా 1 నుంచి 2 మిల్లీ యాంపియర్ల కరెంటును 20 నిమిషాల పాటు, ఉప్పునీటిలో తడిపిన స్పాంజీల ద్వారా పంపుతారు. మోటార్ కార్టెక్స్ మీద ప్రేరణ ఇవ్వాలంటే ఒక స్పాంజీ ఆ భాగానికి పైన, రెండోది సాధారణంగా అవతలి వైపు కనుబొమ్మ పైన ఉంటుంది. అంత సన్నని కరెంటు నాడీకణాలను తనంతట తాను పని చేయించదు, పని అందినప్పుడు త్వరగా స్పందించేలా వాటిని సిద్ధం చేస్తుంది. ఈ ప్రభావం కరెంటు ఆపిన తరువాత కూడా కొంతసేపు నిలుస్తుందని జర్మనీలోని గొట్టింగెన్‌లో నిట్షే, పౌలుస్ అనే పరిశోధకులు 2000లో చూపారు. దుక్కి తడిగా ఉన్నప్పుడే విత్తనం వేసినట్టు, ఆ కొద్ది వ్యవధిలో వ్యాయామం చేయిస్తే మెదడు కొత్త కదలికను బాగా పట్టుకుంటుందన్నది ఈ జోడింపు వెనుక ఉన్న ఆలోచన. ఆలోచన సబబైనదే, కానీ సబబైన ఆలోచనలన్నీ రోగి దగ్గర ఫలించవు.

విశాఖ మల్లెతీగ:
నేను ఈ చికిత్స తీసుకున్నాను కాబట్టి రాస్తున్నాను. రెండు వారాల్లో 10 సిట్టింగులు జరిగాయి. మొదటి అరనిమిషం స్పాంజీ కింద చీమలు పాకినట్టు చురచురమంది, తరువాత దురద, లేచేసరికి నుదుటి మీద ఎర్రటి మచ్చ, రెండుసార్లు కొద్దిపాటి తలనొప్పి, ఇంతకు మించి ఇబ్బంది కలగలేదు. కరెంటు తీసిన వెంటనే ఫిజియో గారు వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తే బ్రిడ్జి, చేతులూ మోకాళ్లూ ఆనించి ఒక చేయి, ఎదుటి కాలు చాచడం, కుర్చీలో కూర్చుని లేవడం దగ్గరుండి చేయించారు. పదింటికి ఏడుగా ఉన్న నా నొప్పి నెల తిరిగేసరికి నాలుగుకు వచ్చింది.

అయితే మీరు డబ్బు కట్టే ముందు ఒక విషయం తెలుసుకోవాలి. మా వదినకూ ఇదే నొప్పి. ఆమె అదే ఫిజియో గారి దగ్గర కరెంటు లేకుండా అవే వ్యాయామాలు చేసింది. ఆమెకూ దాదాపు అంతే తగ్గింది. నాకు తగ్గించింది కరెంటా, వ్యాయామమా, రోజూ ఒకరు పక్కన నిలబడి నీకేమీ కాదని ధైర్యం చెప్పడమా అన్నది నేను విడదీయలేను.

ఖమ్మం గణకుడు:
మల్లెతీగ గారు విడదీయలేనన్న ఆ ముడిని విప్పడానికే ఉత్తుత్తి ప్రేరణతో పోల్చి చూస్తారు. కొందరికి నిజమైన కరెంటు ఇస్తారు, మరికొందరికి మొదటి కొన్ని సెకన్లు చురచురమనిపించి ఆపేసి, స్పాంజీలను మాత్రం 20 నిమిషాలూ అలాగే ఉంచుతారు. నేను గణాంకాల ఉద్యోగంలో ఉన్నాను, వైద్యుణ్ని కాను, అందుచేత చదివినంత వరకే చెబుతాను. దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్న 135 మందిపై జర్మనీలో జరిగిన ఇటువంటి పరిశోధన 2015లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. వరుసగా ఐదు రోజులు టీడీసీఎస్ ఇచ్చి, ఆపైన ఆలోచనా సరళినీ ప్రవర్తననూ మార్చే బృంద శిక్షణ ఇచ్చారు. నొప్పిలో గానీ, రోజువారీ పనుల్లో గానీ నిజమైన కరెంటుకు అదనపు లాభం కనిపించలేదు. అక్కడ జోడించింది వ్యాయామ చికిత్సను కాదు కనుక మీ ప్రశ్నకు అదే తుది తీర్పు అనలేము. కానీ 20 సిట్టింగుల డబ్బు ముందే అడిగేంత ధీమాకు ఆధారం కూడా లేదు.

దీర్ఘకాలిక నొప్పులన్నింటికీ కలిపి, వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2018లో 94 అధ్యయనాలను సమీక్షించినప్పుడు, మెదడు ప్రేరణకు స్వల్పకాలిక ప్రయోజనం ఉండవచ్చు గానీ ఆధారాలు బలహీనమని తేల్చింది. వ్యాయామం మీద 2021లో అదే సంస్థ 249 ప్రయోగాలను చూసి, చికిత్సేమీ లేనివారితో, మామూలు వైద్యం పొందినవారితో పోలిస్తే నొప్పి వంద పాయింట్ల కొలతలో సుమారు 15 పాయింట్లు తగ్గుతుందని చెప్పింది. రెండింటి ఆధారాలకూ ఉన్న తేడా ఇదీ.

హైదరాబాద్ చెల్లెమ్మ:
నాది కొంచెం వేరే అనుభవం. నడుము నొప్పితో పాటు డిప్రెషన్ కూడా ఉండడంతో మానసిక వైద్యులు నాకు ఆర్‌టీఎంఎస్ ఇచ్చారు. ఇందులో స్పాంజీలు ఉండవు, తలకు ఆనించిన తీగచుట్ట టక్‌టక్ మంటూ అయస్కాంత తరంగాలను పంపుతుంది. అమెరికాలో డిప్రెషన్‌కు దీనికి 2008లోనే అనుమతి వచ్చింది. నొప్పి నేరుగా తగ్గిందని చెప్పలేను కానీ, మంచం దిగి నడవాలన్న కోరిక తిరిగి వచ్చింది, నడక మొదలైన తరువాతే నడుము కుదుటపడింది. మొదలుపెట్టే ముందు మూర్ఛ వచ్చిందా, తలలో లోహపు క్లిప్పు గానీ చెవిలో వినికిడి కోసం అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ గానీ ఉన్నాయా, పేస్‌మేకర్ ఉందా అని ఒక్కొక్కటిగా అడిగి రాసుకున్నారు. ఆ ప్రశ్నలు అడగని చోట తల అప్పగించవద్దు, ఆన్‌లైన్‌లో దొరికే పరికరాలను ఇంట్లో సొంతంగా కట్టుకోవద్దు.

వరంగల్ పంతులు:
అందరికీ కృతజ్ఞతలు. ఆ క్లినిక్‌లో నన్ను మూర్ఛ గురించి గానీ, పేస్‌మేకర్ గురించి గానీ అడగలేదు. సిట్టింగు వారీగా డబ్బు కడతానంటే ఒప్పుకోలేదు, నేను మానుకున్నాను. మా వీధిలోని ఫిజియో అమ్మాయి దగ్గర వారానికి రెండు రోజులు వ్యాయామం మొదలుపెట్టి ఐదు వారాలైంది. నిన్న ఆరో పీరియడ్ తరువాత నొప్పి బాగా పెరిగింది. ఎప్పటిలాగే మానేయాలనిపిస్తోంది. ఏం చేయమంటారు?

మెల్‌బోర్న్ ఫిజియో:
మానకండి, తగ్గించండి. పెరిగిన నొప్పి మర్నాటి ఉదయానికి మామూలు స్థాయికి వస్తే అదే మోతాదు కొనసాగించవచ్చు. రాకపోతే ఒక్కో వ్యాయామం పదిసార్లకు బదులు ఆరుసార్లు చేసి, వారం తరువాత మళ్లీ పెంచండి. కాలిలో బలం తగ్గినా, మలమూత్ర విసర్జన మీద అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ పోయినా మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. మీరు రాసినదాన్ని బట్టి అవేవీ లేవు. బెల్టునూ ట్రాక్షన్‌నూ 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వద్దనే చెప్పింది, వాటి కోసం మళ్లీ వెతకవద్దు. మెదడు ప్రేరణ మీద పరిశోధన సాగుతోంది, కెనడాలోని క్యూబెక్‌లో ఆర్‌టీఎంఎస్‌ను విడిగానూ, వ్యాయామంతో కలిపీ నాలుగు బృందాల్లో పోల్చే ప్రయోగం ప్రణాళిక 2021లో వచ్చింది. అటువంటి వాటి ఫలితాలు బలంగా వచ్చిన రోజున నేనే మీకు చెబుతాను.

వరంగల్ పంతులు:
ఈ ఉదయం నొప్పి నిన్నటి మీద సగానికి వచ్చింది. బ్రిడ్జి ఆరుసార్లు చేశాను, ఇప్పుడు బడికి నడిచి వెళ్తున్నాను.