రాకెట్ లాంచ్ వాయిదా, వానకే ఆపేస్తారా?

కడప పిల్లోడు: అన్నా పొద్దున్నుంచీ శ్రీహరికోట లైవ్ కోసం ఇంటిల్లిపాదీ ఫోన్ ముందర కూచున్న్యాం, ఇప్పుడేమో వాతావరణం బాలేదు వాయిదా అంటాండారు. అంత పెద్ద రాకెట్టుకు వానతో ఏమైతాది?

రాజంపేట: వాన కంటే పిడుగుతోనే భయం తమ్ముడూ. మబ్బులో దూరే రాకెట్టు, దాని మంట కలిసి కరెంటుకు దారి ఇచ్చేస్తాయి. 1969లో చంద్రుడి మీదికి మనుషుల్ని తీస్కపోయే అపోలో 12 లేచిన నిమిషం లోపలే రెండుసార్లు పిడుగు తగిలింది, ఎట్లో బయటపడినారు, 1987లో అమెరికా అట్లాస్ సెంటార్ రాకెట్ మాత్రం పిడుగు తగిలి ఉపగ్రహంతో సహా నాశనమైపోయింది. అందుకే ఆపింది చానా మంచి పని.

మైదుకూరు: పైన గాలి గూడా చూస్తారు, కింద ఆకు కదలకున్నా పది కిలోమీటర్ల ఎత్తులో గాలి దిక్కు, వేగం ఒక్కసారిగా మారితే రాకెట్ మీద ఒత్తిడి పడతాది, బెలూన్లు వదిలి కొలిచేది దానికే. పిడుగు భయానికైతే 2020లో అమెరికా కంపెనీ స్పేస్ఎక్స్ వాళ్లు ఇద్దరు వ్యోమగాములు లోపల కూచున్నాక, 17 నిమిషాల ముందర ఆపేసినారు, మూడు రోజులకు పైకి లేచింది.

కడప పిల్లోడు: థాంక్స్ అన్నా, మిద్దె ఎక్కితే మనకు కనపడతాదా?

రాజంపేట: తూర్పున కొండలు అడ్డం, మబ్బు లేకుంటే ఎత్తుకు పోయినాక కనపడొచ్చు. దగ్గర్నుంచి చూడాలంటే షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) గ్యాలరీకి ఆన్‌లైన్లో రిజిస్టర్ చేసుకో, కొత్త తేదీ చెప్పంగానే చూడు.